ఊ కొట్టే డబ్బాలు

పోయిన బుధవారం బ్రిస్బేన్ నుంచి షారోన్ ఫోన్ చేసింది. వాళ్ళమ్మ పోయిన కబురు నాకు ముందే తెలుసు. శనివారం చర్చిలో ప్రార్థన ఉందనీ, అక్కడ తనే నాలుగు మాటలు మాట్లాడాలనీ చెప్పింది. షారోన్ ఇక్కడే, ఆస్ట్రేలియాలోనే పుట్టి పెరిగిన పిల్ల. మనం తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది.

"అంకుల్, వాట్ డిడ్ మమ్ యాక్చువల్లీ డూ ఎట్ వర్క్?" అంది.

బ్రిస్బేన్‌లో వాళ్ళుండే సన్నీబ్యాంక్‌లో వాళ్ళమ్మను ఎరిగినవాళ్ళంతా ఆవిడ గోంగూర పచ్చడి గురించీ, చర్చిలో పాడిన పాటల గురించీ చెబుతున్నారట. ఇంజనీరని అందరికీ తెలుసు గానీ ఏం చేసిన ఇంజనీరో ఒక్కరికీ తెలియదట. "జస్ట్ టూ లైన్స్, అంకుల్" అంది.

రెండు లైన్లట. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, పచ్చడి గుర్తుపెట్టుకుని పనిని మరిచిపోయిన లోకం మీద. ఆ పచ్చడి గొప్పదే, కాదనను. నేనూ జాడీలకు జాడీలు తిన్నవాణ్ణే. కానీ ఆవిడ చేసిన పని పక్కన ఆ పచ్చడి ఎంత.

"నీకు టైముందా అమ్మా?" అన్నాను.

ఉందంది. సరే, మొదలుపెట్టాను. కాసేపు చెప్పాక అవతల చడీచప్పుడూ లేదు. లైను తెగిందేమోనని "హలో" అన్నాను. "ఐ యామ్ హియర్" అంది. ఇక్కడి పిల్లలతో ఫోన్లో ఇదే గొడవ. వింటున్నారో, ఫోను బల్ల మీద పెట్టి అంట్లు తోముకుంటున్నారో తెలియదు.

ఆస్ట్రేలియా దక్షిణాన మాసన్ లేక్స్ అని ఇప్పుడు చెరువులూ కాఫీ హోటళ్ళూ ఉన్న చోట, మేము పనిచేసే రోజుల్లో ఎండుగడ్డి ఉండేది. ఒక కాలేజీ, దాని పక్కన టెక్నాలజీ పార్క్ అని బోర్డు పెట్టుకున్న నాలుగు భవనాలు. అందులో ఒకదాని వెనకవైపు మా చిన్న కంపెనీ. నేను వరంగల్ నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. చేరిన రోజు యజమాని గ్రాంట్ నన్ను వెంటబెట్టుకుని అన్నీ చూపించి, చివరి బెంచీ దగ్గర వదిలి, "ఈవిడా మీ ఊరే" అని వెళ్ళిపోయాడు. వాడి లెక్కలో ఇండియా అంతా ఒక ఊరు.

నేత చీర, దాని మీద మగవాళ్ళ స్వెట్టరు, చెవి వెనక స్క్రూడ్రైవరు. ఆవిడ ఆసిలోస్కోపు తెర మీదికి వంగి ఉంది. తీగలో ఏం నడుస్తోందో పచ్చటి గీతగా చూపించే పెట్టె అది. నా వైపు చూడకుండానే గట్టిగా, అచ్చ తెలుగులో, "ఎవర్రా అది మధ్యలో?" అంది.

నేను హడలిపోయి, "నేనేనండీ" అన్నాను.

"నువ్వు కాదులే అబ్బాయ్. వీడు." గోటితో తెర మీద ఒక గీతను పొడిచింది. "పక్కవాడు మాట్లాడతంటే వీడు నోరు పెడతన్నాడు. ఎట్టా పెరిగాడో ఏంటో."

ఆవిడది బాపట్ల దగ్గర. ఆ సాయంత్రానికి నాకు అక్క అయింది.

షారోన్‌కి అర్థమయ్యేలా ఆ పని ఏమిటో ముందు చెప్పాలి కదా. మాకు దగ్గర్లో బరోసా అనే ద్రాక్షతోటల సీమలో ఒక వైన్ తయారీ వాళ్ళున్నారు. పెద్ద షెడ్డు, అందులో వరసగా ఇరవై స్టీలు ట్యాంకులు. ద్రాక్షరసం పులిసేటప్పుడు తనంతట తానే వేడెక్కుతుంది. చల్లటి నీళ్ళు చుట్టూ తిప్పి దాన్ని అదుపులో పెట్టాలి, లేకపోతే సరుకంతా పాడవుతుంది. ప్రతి ట్యాంకుకీ ఒక డబ్బా పెట్టి, అందులో చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు ఉంచి, అది వేడి చూసి నీళ్ళ వాల్వు తిప్పేలా చెయ్యడం మా పని. డబ్బాలన్నీ ఆఫీసు గదిలో ఉన్న పెద్ద డబ్బాతో మాట్లాడాలి. ఒక్కో డబ్బాకి ఒక్కో తీగ లాగితే షెడ్డు సాలెగూడవుతుంది. అందుకని అన్నిటికీ కలిపి ఒక్కటే తీగల జత. ఇరవై మంది ఒకే గదిలో ఉన్నట్టే మరి. మూలన ఒకడు నోరు తెరిస్తే ఆ మాట అందరి చెవుల్లోనూ పడుతుంది. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఎవరి మాటా ఎవరికీ అందదు.

దీనికి అక్క చెప్పే ఉపమానం బడి. "పంతులు నంబరు పిలిచాడనుకో. క్లాసంతా తలెత్తుద్ది. నాది కాదులే అనుకున్నవాడు తల దించుకుంటాడు. ఎవడిదో వాడొక్కడే పలుకుతాడు. పలికి కూర్చుంటాడు. అంతే తమ్ముడూ, ఇంతకంటే ఏం లేదు ఇందులో." అంతే అని ఆవిడ అనేసింది గానీ, ఆ అంతేని అసెంబ్లీ అనే చిప్పుల భాషలో, చిప్పులో పట్టేంత కొంచెం జాగాలో రాయడానికి ఒక చలికాలం పట్టింది. నేను రాసింది ఆఫీసు గదిలో తెర మీద కనబడే అంకెల భాగం మాత్రమే. తీగ మీద నడిచే మాటంతా ఆవిడదే.

"తీగ అందరిదీ, మాట ఒక్కరిది." ఇది ఆవిడ సామెత. ఇంకెక్కడా విని ఉండరు, ఆవిడ సొంతం. టీ గదిలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చూపుడువేలు పైకి లేపేది. గ్రాంట్ కూడా సగం మాటలో ఆగిపోయేవాడు. ఆ వేలు ఎవరి వైపు తిరిగితే వాళ్ళు మాట్లాడాలి. ఆస్ట్రేలియా మగవాళ్ళు నలుగురు బిస్కెట్లు చేతిలో పట్టుకుని ఒక బాపట్ల ఆడమనిషి వేలి కోసం చూస్తూ కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. ఎందుకు గర్వపడకూడదు చెప్పండి.

అణకువ అనేది ఆవిడ జాతకంలో లేదు. జాతకాలు నమ్మదు, అది వేరే సంగతి. వైన్ షెడ్డులో నేలంతా తడి, ముందు ఇనుపరేకు ఉన్న బూట్లు లేనిదే లోపలికి రానివ్వరు. ప్యాంటు వేసుకోమని గ్రాంట్ మర్యాదగానే అన్నాడు. "బూట్లు రూలు. చీర గురించి రూల్లో లేదు" అని చీర కిందే ఆ బూట్లు తొడిగి, కుచ్చెళ్ళు బొడ్డు దగ్గర ఎత్తి దోపి, తల మీద ఎండటోపీ పెట్టుకుని నడిచింది. ఆ బూట్ల చప్పుడు విని షెడ్డులో కుర్రాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఇంకోటి. ఆ రోజుల్లో ప్రోగ్రాము దాచే చిప్పుకి నెత్తిన ఒక గాజు కిటికీ ఉండేది. ఊదారంగు దీపం కింద పెడితే రాసిందంతా చెరిగిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. రాశాక ఆ కిటికీ మీద వెలుతురు పడకుండా ఏదైనా అంటించాలి. అందరూ నల్ల టేపు ముక్క అంటిస్తారు. అక్కకి ఆ టేపు జిగురు నచ్చలేదు. ఒకరోజు మా ఇంటికొచ్చి మా ఆవిణ్ణి, "అమ్మాయ్, నీ దగ్గర పెద్ద సైజు స్టిక్కర్ బొట్లున్నాయా?" అని అడిగింది. మా ఆవిడ తెల్లబోయింది. అక్క క్రిస్టియన్, బొట్టు పెట్టుకోదు.

"నాక్కాదమ్మా. నేను పెట్టుకోకపోతేనేం, చిప్పులకి పెడతా. కిటికీకి సరిగ్గా సరిపోద్ది."

అప్పటినుంచి మా కంపెనీ నుంచి బయటికెళ్ళిన ప్రతి చిప్పుకీ నుదుటిన మెరూన్ బొట్టు. మా ఆవిడ హైదరాబాద్ నుంచి బొట్ల పాకెట్లు తెప్పించుకోవడం, అందులో సగం కంపెనీకి పోవడం. చిప్పులు చెరిగేదాకా అక్క ఆ దీపం పెట్టె పక్కన నిలబడి చర్చి పాటలు పాడేది. గడియారం చూసేది కాదు, పాటల్లోనే లెక్క.

కథలు చెప్పడంలో ఆవిడకి ఒక్కటే షరతు. ఊ కొట్టాలి. మన ఇళ్ళలో అందరం కొట్టినదే. కానీ ఆవిడ దగ్గర అది చట్టం. బరోసా వెళ్ళే దారిలో ఒకసారి నేను కారు నడుపుతున్నాను, ఆవిడ ఏదో రాజుగారి ముగ్గురు కొడుకుల కథ చెబుతోంది. ముందున్న లారీని దాటే హడావిడిలో ఒక చోట ఊ అనలేదు. కథ అక్కడ ఆగిపోయింది.

"చెప్పండక్కా, ఏమైంది మరి?"

"నువ్వు వినట్లేదుగా."

"వింటనే ఉన్న అక్కా. లారీ అడ్డమొచ్చింది."

"ఊ కొట్టనోడికి నేను కథ చెప్పను తమ్ముడూ. గోడకి చెప్పినట్టుంటది."

రాజుగారి మూడో కొడుకు ఏమయ్యాడో నాకు ఈనాటికీ తెలియదు. ఎన్నిసార్లు బతిమాలినా చెప్పలేదు.

ఇంత పట్టుదల మనిషి డబ్బాల చేత మాత్రం ఊ కొట్టించకుండా ఉంటుందా. ఆఫీసు గదిలోని పెద్ద డబ్బా ఏ ట్యాంకుకి ఏం చెప్పినా, ఆ ట్యాంకు డబ్బా విన్నానని ఒక్క ముక్క తిరిగి పంపాలి. ఇది ఈ పని చేసేవాళ్ళంతా పెట్టుకునే పద్ధతే. అక్క దానికి పెట్టిన పేరు ఊ. ప్రోగ్రాములో రెండు ఇంగ్లీషు ఓ అక్షరాలు పక్కపక్కన రాసేది. తేడా ఎక్కడొచ్చిందంటే, అందరికీ కలిపి చెప్పే మాట దగ్గర. నీళ్ళు చల్లబరిచే పెద్ద యంత్రం ఆగిందనుకోండి, ఇరవై వాల్వులూ ఒక్కసారి మూసుకోవాలి. మళ్ళీ అది నడిస్తే ఒక్కసారి తెరుచుకోవాలి. ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోకుండా, అందరూ వినండి అని ఒకే కేక వేస్తారు. అలాంటి కేకకి ఎవరూ జవాబు చెప్పకూడదన్నది మిగతా లోకం పద్ధతి. గ్రాంట్ అదే అన్నాడు.

"జవాబు రాకపోతే విన్నారని నాకెట్టా తెలుసుద్ది?" అంది అక్క. ఆ మాట వాడికి ఇంగ్లీషులోనూ చెప్పింది, అంతే ఘాటుగా. అందరికీ చెప్పినా సరే, ఊ కొట్టాల్సిందేనంది.

బెంచీ మీద మూడు డబ్బాలు కలిపి చూశాం. కేక వేశాం. తెర మీద ఊ వచ్చింది. మళ్ళీ వేశాం, మళ్ళీ వచ్చింది. గ్రాంట్ భుజాలెగరేసి ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి షారోన్‌కి గట్టిగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. అక్క ఇంజనీరింగ్ చదివి వచ్చిన మనిషి. కానీ ఇక్కడివాళ్ళు ఆ చదువుని ఒప్పుకునే కాగితం ఇంకా రాలేదు. కంపెనీలో టెక్నీషియన్‌గా, బోర్డుల మీద సోల్డరింగ్ చేసే బెంచీకి తీసుకున్నారు. ఆవిడ మాట తీరు, పని తీరు చూసి గ్రాంట్ ఈ వైన్ షెడ్డు పని అప్పగించాడు. ఇది నడిస్తే నువ్వు ఇక్కడ ఇంజనీరువి, కాగితం వచ్చినా రాకపోయినా అన్నాడు. నడవకపోతే తిరిగి బెంచీకి. వాడు చెడ్డవాడు కాదు, ఉన్నమాట అన్నాడు.

షెడ్డులో నడవలేదు.

ట్యాంకుల్లో ఉత్త నీళ్ళు పోసి పరీక్ష పెట్టాం. ఒక్కొక్క డబ్బాని పిలిస్తే బుద్ధిగా పలుకుతోంది. అందరికీ కలిపి కేక వేసిన మరుక్షణం తెర నిండా చెత్త అక్షరాలు. జవాబు అర్థం కాక పెద్ద డబ్బా మళ్ళీ కేక వేస్తుంది, మళ్ళీ చెత్త. చివరికి ప్రమాదం అనుకుని గంట కొట్టి వాల్వులన్నీ మూసేస్తుంది. ఆ షెడ్డు పెద్ద ఎర్విన్ అనే ముసలాయన. తాతల నాటి నుంచి ద్రాక్షతోటల మనిషి. ఆయన గంట ఆగేదాకా చెవులు మూసుకుని, "నా పాత థర్మోస్టాట్లు మొరగవు" అన్నాడు.

గ్రాంట్ తీగని అనుమానించాడు. కొత్త తీగ లాగించాడు, మోటార్లకి దూరంగా జరిపించాడు, రెండు కొసలా రెసిస్టర్లు మార్పించాడు. ఏం చేసినా అదే చెత్త. అక్క తెర ముందు కూర్చుని, "ఎవర్రా అది మధ్యలో, ఎవర్రా" అంటూనే ఉంది. ఎవరూ దొరకలేదు. శుక్రవారం మధ్యాహ్నం గ్రాంట్ మమ్మల్నిద్దరినీ పిలిచాడు. వచ్చే వారం చివర్లో ద్రాక్ష దిగుతుంది. గురువారానికి నడవకపోతే మెల్‌బోర్న్ నుంచి రెడీమేడ్ సామాను తెప్పించి బిగిస్తానన్నాడు. బెంచీ మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. ఆ రోజు అక్క గోడ వైపు తిరిగి కూర్చుని అన్నం తిన్నది. టీ గదిలో నలుగురూ ఒకేసారి మాట్లాడుతున్నా వేలు లేవలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారాలు దగ్గర్లోనే సాలిస్‌బరీలో అక్కావాళ్ళింట్లో తెలుగు కుటుంబాలు చేరేవి. పొద్దున చర్చి, తరవాత ఇంట్లో పాటలు, ఆ తరవాత బావగారు వండిన పలావు. నాలాంటి హిందువులం పాటలయ్యాక, పలావుకి ముందు చేరుకునేవాళ్ళం. ముహూర్తం ఎప్పుడూ తప్పలేదు. ఆ ఆదివారమూ వెళ్ళాం. అక్క అందరికీ వడ్డించింది గానీ మనసిక్కడ లేదు. తిన్నాక పిల్లలు కథ కావాలని కొంగు పట్టుకుని ముందు గదిలోకి లాక్కుపోయారు.

సముద్రపొడ్డున ఉప్పు కొఠారుకి కాపలా ఉండే ఒక మనిషి కథ మొదలుపెట్టింది. పిల్లలు కార్పెట్ మీద గుంపుగా కూర్చున్నారు. ఊ కొట్టడం మాత్రం వాళ్ళకి ఆవిడ బాగా నేర్పింది. తెలుగులో వాళ్ళ నోట వచ్చే మాట అదొక్కటే.

"ఆ కాపలావాడు ఏం చేశాడూ, లాంతరు తీసుకుని బయల్దేరాడు."

"ఊ", పిల్లలంతా కలిసి.

"పోతా పోతా ఉంటే ఉప్పు గుట్ట ఎనకమాల ఏదో చప్పుడైంది."

"ఊ."

నేను గుమ్మానికి ఆనుకుని వింటున్నాను. పిల్లల వెనక, దిండు మీద తల పెట్టి షారోన్ నిద్రపోతోంది. అప్పటికి బడికి కూడా వెళ్ళని వయసు. నోరు తెరిచి, ఒళ్ళు తెలియని నిద్ర. అక్క చూపు దాని మీద పడింది. కథ చెబుతూనే ఉంది, పిల్లలు ఊ అంటూనే ఉన్నారు. ఆ ఊ ఏ మాత్రం తగ్గలేదు. నిండుగా, ఒక్క గొంతులా వస్తోంది. అక్క ఆగిపోయింది.

"ఎవరైనా నిద్రపోయారా?" అంది.

"నో ఆంటీ" అన్నారు అందరూ కలిసి.

అక్క చూపుడువేలు లేచింది. శుక్రవారం టీ గదిలో లేవనిది మళ్ళీ అప్పుడే లేవడం. "జోయెల్?" అంది. వాడు "ఊ" అన్నాడు. "లిల్లీ?" "ఊ." అలా ఒక్కొక్కరినీ పిలిచింది, ఒక్కొక్కరూ పలికారు. చివరికి, "షారోన్?" అంది.

చప్పుడు లేదు.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని నిద్రపోతున్న పిల్ల మొహం వంక అలా చూస్తూ ఉండిపోయింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, ఆపైన కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా. బావగారు గరిటెతో పరిగెత్తుకొచ్చారు.

"తమ్ముడూ, తాళాలున్నాయా?"

"ఏం తాళాలక్కా?"

"ఆఫీసుయి. పద."

కథ ఏమైందని పిల్లలు గోల పెడుతున్నా వినకుండా వచ్చి కార్లో కూర్చుంది. ఆఫీసు తెరిచాక నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళింది. మూడు డబ్బాల్లో నడిమిదానికి తీగ పీకేసింది. "ఇప్పుడు కేక వెయ్యి" అంది.

వేశాను. తెర మీద ఊ వచ్చింది. ఎప్పటిలాగే నిక్షేపంగా.

"చూశావా? వాడు చచ్చి పడున్నాడు, అయినా ఊ అంటంది. అబద్ధం చెప్తంది తమ్ముడూ. మొదటి రోజు నించీ అబద్ధమే."

అప్పటికి నాకు వెలిగింది. మూడు డబ్బాలూ ఒకే సమయానికి, ఒకే ముక్క పలికాయి. బెంచీ మీద మూరెడు తీగ, కాబట్టి మూడు గొంతులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి ఒక్క ఊ లాగా వినబడ్డాయి. మేము ముగ్గురూ విన్నారనుకున్నాం. షెడ్డులో తీగ పొడుగు, డబ్బాలు ఇరవై, ఒకటి రవ్వంత ముందు, ఒకటి రవ్వంత వెనక. గొంతులు కలగాపులగమై చెత్త అయింది. మధ్యలో నోరు పెట్టిన దొంగ ఎవడూ లేడు. అందరూ మర్యాదగా ఊ కొట్టారు, కొట్టమన్నది ఆవిడే.

ఇంకొకరైతే సిగ్గుపడి ఆ ఊని తీసేసేవారు. సోమవారం పొద్దున అక్క గ్రాంట్ గది తలుపు తెరిచి, అందరూ వింటుండగా, "తీగ తప్పు కాదు. తప్పు నాది. ఎక్కడుందో దొరికింది" అంది. మొహంలో సిగ్గన్నది లేదు. పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా చెప్పింది. గ్రాంట్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, "అయితే ఆ జవాబు తీసెయ్యి, అందరిలాగే" అన్నాడు.

"తియ్యను."

వాడు తల పట్టుకున్నాడు. అక్క నిలబడే చెప్పింది. నీళ్ళ యంత్రం మళ్ళీ నడిచి, వాల్వులు తెరవమని కేక వేస్తే, పంతొమ్మిది విని ఒక్కటి వినలేదనుకో. ఆ ఒక్క ట్యాంకు పొద్దుటికి పాడవుద్ది. ఎవరు వినలేదో తెలియకపోతే ఎర్విన్‌కి నేనేం మొహం చూపించను. అందుకని కేక వేసినప్పుడు ఎవరూ పలకరు. ఆ తరవాత ఒక్కొక్కరినీ నంబరు పెట్టి పిలిచి, విన్నావా అని అడుగుతా. ఎవరి వంతుకి వాళ్ళు ఊ అంటారు. ఇరవై మందినీ పిలిచినా రెప్పపాటు పనే.

గ్రాంట్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించి, "గురువారం" అన్నాడు.

ఊదారంగు దీపం కింద చిప్పులు పెట్టి అక్క ఎన్ని పాటలు పాడిందో లెక్కలేదు. మా ఆవిడ మెరూన్ బొట్లు మొత్తం అయిపోయాయి. చివరి రెండిటికి పచ్చ బొట్లు పెట్టాం.

గురువారం ఎర్విన్, గ్రాంట్, నేను ఆఫీసు గదిలో నిలబడ్డాం. అక్క బూట్లతో టకటకా వచ్చి తెర ముందు కూర్చుంది. ఎర్విన్ వైపు తిరిగి, "మీరు షెడ్డులోకి వెళ్ళండి. మీకు నచ్చిన డబ్బా ఒకటి తీగ పీకెయ్యండి. ఏది పీకారో నాకు చెప్పొద్దు" అంది.

గ్రాంట్ మొహం పాలిపోయింది. ఇలా చేస్తానని వాడితో అనలేదు, నాతోనూ అనలేదు. ముసలాయన కనుబొమలెత్తి, తాపీగా వెళ్ళి, తాపీగా వచ్చాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక నిలబడ్డాడు. అక్క మీట నొక్కింది. షెడ్డులో వాల్వులు ఒక్కసారి తెరుచుకున్న చప్పుడు గోడ అవతల నుంచి వినబడింది. తెర మీద ట్యాంకుల నంబర్లు ఒకటొకటిగా, వాటి పక్కన రెండేసి ఓ అక్షరాలు. పదమూడు దగ్గర ఖాళీ. దాని తరవాత మళ్ళీ వరసగా చివరిదాకా. చెత్త అక్షరం ఒక్కటి లేదు. పెద్ద గంట కూడా మోగలేదు. పదమూడు పక్కన చిన్న దీపం వెలిగి ఆరుతోంది.

"పదమూడు నిద్రపోతంది. పోయి లేపండి" అంది అక్క, నాతో తెలుగులో. ఆ తరవాత ఆయనతో ఇంగ్లీషులో.

ఎర్విన్ తెర దగ్గరికి వంగి అద్దాలు సరిచేసుకున్నాడు. "ఈ డబుల్ ఓ ఏంటి?"

"దట్ మీన్స్ ఐ యామ్ అవేక్" అంది అక్క.

ముసలాయన కాసేపు ఆ తెర చూశాడు. ఆవిడ బూట్లు చూశాడు. "ఫెయిర్ ఎనఫ్" అని, పదమూడుకి తీగ పెట్టడానికి తనే వెళ్ళాడు. బరోసాలో అంతకంటే పెద్ద మెప్పు లేదని గ్రాంట్ నాకు తిరిగొచ్చేటప్పుడు చెప్పాడు. మర్నాడు ద్రాక్ష దిగింది. ఆ ఏడు ఒక్క ట్యాంకు పాడవలేదు.

అక్కకి ఇంజనీరు బల్ల వచ్చింది, కిటికీ పక్కన. గుండ్రంగా తిరిగే మెత్తటి కుర్చీ ఇస్తే తిప్పి పంపించి, తన పాత స్టూలే తెప్పించుకుంది. కాగితం ఆ తరవాతెప్పుడో వచ్చింది. అప్పటికి దాన్ని ఎవరూ అడగడం లేదు. ఆ తరవాత మేము చేసిన ప్రతి పనిలో, నీళ్ళ పంపులు కానీ కోళ్ళ షెడ్లు కానీ, డబ్బాలన్నీ వంతు ప్రకారం ఊ అన్నాయి. నేను తరవాత ఎన్నో కంపెనీలు మారాను, గొప్పగొప్ప వాళ్ళ కింద పనిచేశాను. తన తప్పుని అంత బాహాటంగా ఒప్పుకుని, తన పట్టు అంత నిబ్బరంగా నిలబెట్టుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు. ఆవిడ మా మనిషి. నా పక్క బెంచీలో కూర్చుంది. నన్ను తమ్ముడూ అని పిలిచింది. ఇంతకన్నా నాకేం కావాలి.

ఇదంతా షారోన్‌కి చెప్పాను. దిండు మీద నిద్రపోయిన సంగతి కూడా. ఆ పిల్లకి తెలియదట. వాళ్ళమ్మ ఎప్పుడూ చెప్పలేదట.

"సో ఐ వాజ్ నంబర్ థర్టీన్" అంది.

"నువ్వు నిద్రపోబట్టేనమ్మా" అన్నాను. "ఆ రోజు నువ్వు కూడా అందరితో పాటు మేలుకుని ఉంటే మీ అమ్మ మళ్ళీ బెంచీకి పోయేది. ఇగ రెండు లైన్లంటావా, ఇట్ల రాసుకో. ఇరవై డబ్బాలని ఒక్క తీగ మీద కూసోబెట్టి, ఒకరి మాట ఒకరు తొక్కకుండా మాట్లాడించింది. వాటిల్ల ఒక్కటి నిద్రపోయినా ఏది పండుకున్నదో చెప్పేది. గంతే."

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో, లేక ఏడుస్తోందేమో.

"వింటున్నవా బిడ్డా?" అన్నాను.

"ఊ" అంది షారోన్.